ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లిన చాయ్

శాలిబండ ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ బస్సు ఒకసారి గట్టిగా దగ్గి ఆగిపోయింది. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి చూసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా బీడీ ముట్టించాడు. కండక్టరు మాత్రం "దిగుండ్రి, అందరు దిగుండ్రి, బండి ఖరాబైంది, ఎనుకొచ్చే బస్సుల ఎక్కిస్త" అని అరిచాడు. ఆ వెనకొచ్చే బస్సు ఎప్పుడొస్తుందో అతనికీ తెలియదు. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు ఎండాకాలం. ఎమర్జెన్సీలో బస్సులు వేళకు నడిచేవని చెప్పుకునేవాళ్లు అప్పటికింకా ఊళ్లో బోలెడుమంది. నాకు మాత్రం అప్పుడూ ఇలా దిగి నడిచినట్టే గుర్తు.

ఫలక్‌నుమాలో ఒక పాత స్నేహితుడు ఊరు వదిలిపోతూ పుస్తకాలు అమ్మేస్తున్నాడంటే చూద్దామని బయల్దేరాను. నడక నాకు కొత్త కాదు. నడవడం మొదలుపెట్టాను.

నా ముందు ఒకాయన నడుస్తున్నాడు. ఖాకీ కోటు, భుజం మీదుగా ఎర్ర పట్టీ, పట్టీ మీద ఇత్తడి బిళ్ల. ఆఫీసు బంట్రోతు అని దూరం నుంచే తెలుస్తోంది. యాభై దాటినట్టున్నాడు. ఎవరూ పక్కన లేకపోయినా గట్టిగా తిడుతున్నాడు. ముందు బస్సును తిట్టాడు. తర్వాత బస్సు కొన్నవాళ్లను, రోడ్డు వేసినవాళ్లను తిట్టాడు. ఆ తర్వాత నేను చెవులు రిక్కించే మాట ఒకటి అన్నాడు.

"గీ బస్సు గూడ మా పొఫిసర్ లెక్కనే ఉన్నది. పైన మస్తు రంగు. లోపల ఇంజన్ లేదు."

"ఏ ప్రొఫెసరయ్యా?" అన్నాను, అడుగు కలుపుతూ.

ఆగి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు గూడ కాలేజిలనేనా?"

"కాదు. నాకెక్కడా ఉద్యోగం లేదు. ఊళ్లు తిరుగుతుంటాను, చదువుకుంటుంటాను."

"నౌకరి లేకుంట చదువుతవా?"

"అవును."

"గట్లయితే నీకు చెప్పొచ్చు బాపు," అన్నాడు. "నౌకరి కోసం సదివినోళ్లకు చెప్తె, నా మాట వోయి ఎవల చెవుల వడొద్దో ఆళ్ల చెవులనే వడ్తది."

ఆయన పేరు మొగులయ్య. ఉప్పుగూడలో పుట్టాడు, ఉప్పుగూడలోనే ఉంటున్నాడు. పురానాపూల్ దగ్గర ఒక నవాబుగారి దేవిడీని అద్దెకు తీసుకుని ఒక విశ్వవిద్యాలయం వారు పీజీ శాఖ నడుపుతున్నారు. అందులో అటెండరు. ఏ విశ్వవిద్యాలయమో నేను చెప్పను. చెప్పినా మీరు అనేది ఒకటే మాట, మా ఊళ్లోనూ అంతే అని.

ఆ దేవిడీ మొగులయ్యకు చిన్నప్పటి నుంచీ ఎరుకే. వాళ్ల నాయన నవాబు దగ్గర పనిచేసేవాడు. దివాన్‌ఖానాలో అర్జీలు పట్టుకుని జనం వరసగా కూర్చునేవారట. నవాబు నోరు విప్పి అవుననీ కాదనీ అనేవాడు కాదు. ఎవరి ముందుకు పాన్‌దాన్ వస్తే వాళ్ల పని అయినట్టు. రానివాళ్లు లేచి సలాము చేసి వెళ్లిపోవాలి. పాన్‌దాన్ మోసే పని మొగులయ్య నాయనది. నవాబు పోయాడు, జాగీరు పోయింది, గాజు షాండిలియర్లు చోర్ బజారుకు పోయాయి. దివాన్‌ఖానాలో ఇప్పుడు ఇంటర్వ్యూలు జరుగుతాయి.

"పాన్‌దాన్ వోయి చాయ్ అచ్చింది. గంతే ఫరక్," అన్నాడు మొగులయ్య.

ఆయన చెప్పిన పద్ధతి ఇది. లెక్చరరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే మద్రాసు నుంచో మైసూరు నుంచో ఇద్దరు విద్వాంసులు వస్తారు. వైస్ ఛాన్సలర్ తరఫున ఒక పెద్దమనిషి కూర్చుంటాడు. శాఖాధిపతి ఉంటాడు. అభ్యర్థుల్లో ఎవడు ఎవడి బావమరిదో బయటినుంచి వచ్చిన విద్వాంసులకు తెలియదు. పెద్దమనిషి ముందు శాఖాధిపతి నోటితో చెప్పడం మర్యాద కాదు. అందుకని, కావలసినవాడు లోపలికి వెళ్లిన వెంటనే అటెండరు ట్రేతో చాయ్ పట్టుకెళ్తాడు. విద్వాంసులు కప్పు అందుకుంటూ ఆ అభ్యర్థి ముఖం ఒకసారి చూసుకుంటారు. ఆ తర్వాత ప్రశ్నలు మెత్తబడతాయి. వాళ్ల ఊళ్లలోనూ ఇదే కాయిదాట. అక్కడ కొన్నిచోట్ల కాఫీ.

"నా చాయ్ తోని లోపలికి వోయినోళ్లు ఇయ్యాల రీడర్లయిన్రు," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు కోపంలో కూడా ఆయన ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది. "నౌకరైనంక ఒక్కొక్కలు పంచెల చాపు వెట్టిన్రు నాకు. నేనద్దనలే. అబద్ధమెందుకు."

అలియాబాద్ దాకా వచ్చాం. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇరానీ హోటల్లో కూర్చుందాం రమ్మన్నాను. వచ్చి కూర్చున్నాడు గానీ, "నాకు నీళ్లు చాలు. చాయ్ మాటెత్తకు," అన్నాడు. నేనూ మానేసి రెండు ఖారా బిస్కట్లు చెప్పాను.

ఇంతకీ ఈసారి ఉద్యోగం ఏమిటంటే, అది చెప్పడానికి ముందు డిగ్రీల సంగతి ఒక ముక్క చెప్పాలి. నేను చాలా విశ్వవిద్యాలయాల వరండాల్లో పడుకున్నాను. గ్రంథాలయం మూసేదాకా చదువుకుని, వాచ్‌మన్ దయతో అక్కడే నడుం వాల్చేవాణ్ని. ఒకచోట రెండేళ్ల డిప్లొమా ఒకటి ఉండేది, నలుగురు అధ్యాపకులు, ఒకే ఒక్క విద్యార్థి. ఆ విద్యార్థి కూడా ఆ వాచ్‌మన్ కొడుకే. హాజరుపట్టీ బోసిగా ఉంటే ఢిల్లీవాళ్లు గ్రాంటు ఆపుతారని పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. చదువు ఉండి, దానికి విద్యార్థులు వచ్చి, వాళ్లకు చెప్పడానికి మనిషి కావలసి రావడం పుస్తకాల్లో క్రమం. మన దగ్గర ముందు మనిషి ఉంటాడు. ఆ మనిషికి సరిపడా ఉద్యోగం, ఆ ఉద్యోగానికి సరిపడా ఒక శాస్త్రం. దర్జీ కొలతలు తీసుకున్నట్టు తీసుకుని కుడతారు. విద్యార్థులు చివర, దొరికితే.

ఈ దేవిడీలో కుట్టిన శాస్త్రం పేరు లోకవ్యవహార శాస్త్రం. అందులో ఎమ్మే. కొలతలు ఇచ్చిన మనిషి కృష్ణప్రసాద్, శాఖాధిపతి వీరరాఘవరావుగారి మేనల్లుడు. ఈ మేనల్లుడు డాక్టరేటు పుచ్చుకున్న అంశం నూతుల దగ్గర స్త్రీల సంభాషణల్లో సంబోధనా రీతులు. అందుకని ప్రకటనలో 'గ్రామీణ సంభాషణలపై పరిశోధన చేసినవారికి ప్రాధాన్యం' అని వేశారు. పాఠ్యప్రణాళిక అయింది, పోస్టు మంజూరయింది. చేరినవాళ్లెవరూ లేరు. సెక్షన్ సూపరింటెండెంటు బాబురావు దగ్గర, కొడుకు బీకాం కాగానే ఇందులో చేర్పిస్తానని మాట తీసుకున్నారట.

నాకు నవ్వు రాలేదు. ఈ ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు అరవై తొమ్మిదిలో ఉద్యోగాల కోసం రోడ్లమీదికొచ్చి తుపాకీ గుళ్లు తిన్నారు. వాళ్ల తమ్ముళ్లు ఇప్పుడు ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు ముందు ఎండలో నిలబడుతున్నారు. ఇక్కడేమో చల్లటి దివాన్‌ఖానాలో ఒక మేనల్లుడి కోసం శాస్త్రాన్నే కనిపెడుతున్నారు.

"ఆ దినం ఏమైంది?" అని అడిగాను.

"ఏమైతది? పాలు ఇరిగినయ్!" మొగులయ్య బల్లమీద అరచేత్తో కొట్టాడు. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. "గా ఎండకు బర్రెపాలు ఆగుతయా? కిష్టప్రసాద్ సార్ లోపలికి వోయిండు. నేను స్టవ్వు మీద గిన్నె వెట్టిన. ఇట్ల కాగినయో లేదో అట్ల ఇరిగినయ్. పాల కోసం పురానాపూల్ చౌరస్తదాక ఉరికిన. ఉరికొచ్చి చాయ్ చేసి ట్రే వట్టుకుని నిలవడ్డ. గప్పటికే సార్ బయటికొచ్చిండు. మొఖం సుట్టుకుపోయింది."

చాయ్ లేకుండా లోపలికి వెళ్లిన కృష్ణప్రసాద్‌ను మద్రాసు విద్వాంసుడు నిజంగానే ప్రశ్నలడిగాడట. ఏయే ఊళ్ల నూతులు చూశారు అన్నాడట. జనరల్‌గా అన్ని నూతులూ సార్ అన్నాడట మేనల్లుడు. ఒక్క నూతి దగ్గర విన్న ఒక్క మాట చెప్పండి అంటే, థీసిస్‌లో వివరంగా ఉంది సార్ అన్నాడట. ఈ సంగతి తర్వాత స్టాఫ్‌రూమంతా చెప్పుకుంది. స్టాఫ్‌రూము నాలుగు గోడల్లో విద్య జరగకపోయినా ప్రచారం మాత్రం బ్రహ్మాండంగా జరుగుతుంది.

"లోపల ఇంకో పిల్ల ఉన్నది. రాధమ్మ. మా ఉప్పుగూడనే, క్లర్కుల గల్లిల ఉంటది. ఆంధ్రోళ్ల పిల్ల. ఆళ్లమ్మ కోటేశ్వరమ్మ ట్రెజరీల టైపిస్టు. నాకు ముంగట పరిచయం లేదు, నీ తోడు. నేను ట్రే వట్టుకుని ఆగుదమనే అనుకున్న. లోపల్నుంచి ఆ వీసీ సాబ్ మనిషి ఒర్రిండు, 'చాయ్ కహాఁ హై భాయ్, మర్ రహే హైఁ హమ్' అని, చాయ్ లేక సస్తున్నట్టు. ఇగ ఏం జెయ్యాలె? వోయిన."

"తర్వాత?"

"పొఫిసర్ సాబ్ నన్ను జూసిండు. పామును జూసినట్టు జూసిండు. ఆ మద్రాసాయన కప్పందుకున్నడు. పిల్ల దిక్కు జూసిండు. నవ్విండు. మైసూరాయన గూడ నవ్విండు. 'కూర్చోమ్మా, భయపడకు' అన్నట్టు ఇంగ్లీషుల ఏమో అన్నడు. గంతే. సంతకాలైనయ్."

సంతకాలు పెట్టినవాళ్లలో వీరరాఘవరావుగారు కూడా ఉన్నారు. ఏమని అడ్డుపడతారు? ఈ చాయ్ ఆ చాయ్ కాదు అని కమిటీకి చెప్పగలరా? బంగారు పతకమున్న పిల్ల, అందరికన్నా ఎక్కువ మార్కులున్న పిల్ల. కాగితం మీద ఒక్క వంక దొరకదు. తాను పెట్టిన కాయిదాయే మెడకు చుట్టుకుంది. నోరెత్తకుండా సంతకం చేసి, వచ్చినవాళ్లకు స్టేషన్‌దాకా కారు కూడా ఏర్పాటు చేశాడట.

"పిల్ల జవాబులు బాగా చెప్పిందా?" అని అడిగాను.

"ఏమో. ఎన్నడు ఇనలే బాపు. నా నిగా కప్పుల మీదనే ఉంటది. ఒలుకుతయని."

మర్నాడు మొగులయ్యకు మెమో ఇచ్చారు. కమిటీ సమావేశంలో తేనీరు అకాలంగా సరఫరా చేసినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలెను అని. మొగులయ్య దాన్ని పట్టుకుని సరాసరి వీరరాఘవరావు గదిలోకి వెళ్లి, "చాయ్ ఎప్పుడియ్యాల్నో ఒక్కసారి నోటితోని చెప్పుండ్రి సార్, గప్పుడే ఇస్త," అన్నాడట. ఆయన కిటికీలోంచి మూసీ వైపు చూస్తూ, "వెళ్లవయ్యా, వెళ్లు, బుర్ర తినకు," అన్నాడట. నేరం ఏమిటో రాయడానికి వీల్లేని నేరం. ఇలాంటి అభియోగపత్రాన్ని నేను మరే ఆఫీసులోనూ చూడలేదు, వినలేదు.

అంతటితో పోయేదే. కానీ స్టాఫ్‌రూము మాట ఉప్పుగూడకు చేరింది. ఒక సాయంత్రం రాధ మొగులయ్య ఇంటికి వచ్చింది. గల్లీ అంతా చూస్తుండగా గుమ్మం ముందు నిలబడి అడిగింది.

"మొగులయ్యగారూ, నాకు ఉద్యోగం మీ చాయ్ వల్ల వచ్చిందటగా? నిజమేనా?"

ఇక్కడ మొగులయ్య మాట ఆపి నీళ్లు తాగాడు.

"నువ్వేమన్నావు?"

"ఏమంట? అవునమ్మ, నా చాయ్ తోనే వచ్చిందన్న. ఖుష్ అయితదనుకున్న. నీళ్లిచ్చిన, తాగలే. మా ఇంటామె ఆగమ్మ బొట్టు వెడ్తనన్నది, పెట్టించుకోలే. 'లైబ్రరీలో కూర్చుని కళ్లు పోగొట్టుకున్నది మీ చాయ్ కోసమాండీ' అన్నది. ఎళ్లిపోయింది. నా ఇంట్ల నీళ్లు తాగకుంట ఎళ్లిపోయింది!"

ఆయన కోపం ఎవరి మీదో అప్పుడు నాకు కొంచెం అర్థమైంది. ఆ పిల్ల మీద ఉంది, నిజమే. తన మీద ఇంకా ఎక్కువుంది. ఇన్నేళ్లుగా ఉద్యోగాలు పెట్టించిన మనిషినని ఛాతీ విరుచుకుని తిరిగినవాడికి ఆ చాయ్ ఎంత చేదుగా ఉంటుందో ఒక ఆడపిల్ల గుమ్మంలో నిలబడి చూపించి పోయింది.

గల్లీ చూసింది గదా, అదే ఆధారమైపోయింది. పిల్ల అటెండరు ఇంటికి ఎందుకు పోతుంది? అరవై తొమ్మిది లొల్లి తర్వాత ఉప్పుగూడ మొగులయ్య ఒక ఆంధ్రా పిల్లకు ఊరికే ఎందుకు సాయం చేస్తాడు? డబ్బు ముట్టి ఉంటుంది. స్టాఫ్‌రూము తీర్పు చెప్పేసింది. కౌన్సిలు సమావేశం ఎల్లుండి. అక్కడ నియామకం ఖరారు కావాలి. శాఖాధిపతి బాబురావుతో చెప్పించిన మాట ఇది: ఈలోగా రాధ తన ఇంటికొచ్చి డబ్బిచ్చి కమిటీని ప్రభావితం చేయమని కోరిందని మొగులయ్య ఒక కాగితం మీద సంతకం పెడితే నియామకం రద్దు, మళ్లీ ఇంటర్వ్యూ, మళ్లీ చాయ్. పెట్టకపోతే సస్పెన్షన్. వచ్చే దసరాకు ఆయన రిటైరవుతాడు. సస్పెన్షన్లో రిటైరైతే పెన్షను ఎప్పటికొస్తుందో, అసలొస్తుందో రాదో.

"ఆగమ్మ ఏమంటోంది?"

"పెట్టుమంటది. 'ఆ పిల్ల మనకేమైతది, మనింట్ల నీళ్లు గూడ తాగలే' అంటది. ఆమెకు దమ్ము బీమారి. దవాఖాన్ల చుట్టు తిప్పాలె. పెన్షను లేకుంటె ఎట్ల అంటది. తప్పేమన్నది?"

పుస్తకాల్లో ఇలాంటి చోట పాత్రలు గొప్పగా మాట్లాడతాయి. హోటల్లో ఈగలు మాత్రం మాట్లాడుతున్నాయి.

లేచి ఉప్పుగూడ మలుపు దాకా వచ్చాం. అక్కడ ఒక స్కూటరు చింతచెట్టు నీడలో ఆపి ఉంది. దానిమీద సఫారీ వేసుకున్న ఒక లావుపాటి మనిషి చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. మమ్మల్ని చూడగానే దిగాడు.

"అరె మొగులయ్యా, ఇంటికి వోతే లేవు. ఎండల సంపినవ్ గద భాయ్."

"బస్సు ఖరాబైంది బాబురావు సాబ్."

బాబురావు నావైపు అనుమానంగా చూశాడు. "ఈయనెవరు?"

"తొవ్వల కలిసిండు. ఏం ఫికర్ లేదు. నౌకరి లేని మనిషి."

బాబురావు సంచిలోంచి టైపు చేసిన కాగితం తీసి స్కూటరు సీటు మీద పరిచాడు. పెన్ను మూత తీశాడు. గొంతు తగ్గించి, "పెట్టు. పెట్టి ఇంటికి పోయి పండు. మెమో నేనే చింపేస్త. పొఫిసర్ సాబ్ జబాన్ ఇచ్చిండు. దసరాకు దండేసి పంపుతం," అన్నాడు.

"ఏం రాసి ఉన్నది సార్?"

"నీకెందుకయ్యా? మొన్న సదివి చెప్పిన గద."

"ఇంకోసారి సదువు."

బాబురావు విసుక్కుంటూ చదివాడు. రాధ ఇంటికి రావడం, డబ్బు ఇవ్వడం, మొగులయ్య పొరపాటున తీసుకోవడం, ఇప్పుడు పశ్చాత్తాపపడటం. మొగులయ్య తల ఊపుతూ విన్నాడు. పెన్ను తీసుకున్నాడు. ఆయన్ను తప్పుపట్టే హక్కు నాకెక్కడిది? ఆగమ్మను దవాఖానాకు తీసుకెళ్లేది నేనా?

"సార్," అన్నాడు మొగులయ్య, "దీన్ల చాయ్ లేదు."

"ఏం చాయ్?"

"పాలు ఇరిగినయ్, చాయ్ లేటయింది, అది లేదు. చాయ్ కిష్టప్రసాద్ సార్ తోని పోవాలె, రాధమ్మ తోని పోయింది, అది లేదు. చాయ్ ఎవలతోని వోతే ఆళ్లకే నౌకరి, గిన్నేండ్ల సంది గదే కాయిదా, అది గూడ లేదు. పొఫిసర్ సాబ్ ముందుగాల్నే నాకు చెప్తడు, ఫలానాయన వోంగనే తెమ్మని. గది రాయి. కింద నేను దస్కత్ పెడ్త. ఉర్దుల పెడ్త, మా నాయన నేర్పిచ్చిన దస్కత్."

బాబురావు నవ్వాడు. మొగులయ్య నవ్వకపోయేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"పాగలైనవా? గట్ల రాస్తె నీ పెన్షనొక్కటే కాదు, లోపలున్న సగం మంది నౌకరీలు వోతయ్."

"వోనీ."

"ఆళ్లు నువ్వు పెట్టిచ్చినోళ్లే కదనే!"

"నేనే పెట్టిచ్చిన. గందుకే చెప్తున్న. ఆళ్ల పంచెలు గూడ కట్టిన. అది గూడ రాయి."

"చూడు మొగులయ్యా, నా పిల్లగాన్ని గూడ ఆ దిక్కుమాలిన ఎమ్మేల ఏస్తున్నరు. నేనేమన్న అన్ననా? నోర్మూసుకుని బతుకుతలేనా?" బాబురావు గొంతు ఒక్కసారి పలచబడింది. వెంటనే సర్దుకున్నాడు. "పొద్దుగూకె దాక టైమిస్తున్న. తర్వాత నా చేతుల లేదు. సస్పెన్షన్ ఆర్డర్ టైపై ఉన్నది."

మొగులయ్య పెన్ను మూత పెట్టి, సీటు మీద కాగితం పైన పెట్టాడు, ఎగిరిపోకుండా. పట్టీ సర్దుకున్నాడు.

"మొగులయ్యా," అన్నాను, "నాకు తెలిసిన పత్రికవాళ్లున్నారు. ఈ సంగతి..."

ఆయన నన్ను చూశాడు గానీ విన్నట్టు లేడు. బాబురావు "అటు ఎటు వోతున్నవ్, మీ ఇల్లు ఇటు గద!" అని అరిచాడు. మొగులయ్య ఎడమవైపున్న తన గల్లీ దాటి ముందుకు పోయాడు. ట్రెజరీ గుమాస్తాలు, టైపిస్టులు ఉండే క్లర్కుల గల్లీ మొగలో ఆగి, ఎవరినో ఏదో అడిగాడు. వాళ్లు చెయ్యెత్తి ఒక ఇంటిని చూపించారు. అటు నడిచాడు. పోయొస్తానని నాతో ఒక్క మాటైనా అనలేదు, వెనక్కి చూడనూ లేదు.